సున్నం ఆరేదాకా

ఈస్టర్‌కు ముందురోజు శనివారం మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళల్లో పొయ్యి ఆలస్యంగా వెలుగుతుంది. పొద్దున్నే పెద్దవాళ్ళు పారలు, చీపుళ్ళు పట్టుకుని సమాధుల తోటకు పోతారు. ఏడాదిగా పెరిగిన సర్కారు తుమ్మ, పిచ్చిమొక్కలు నరికి పారేస్తారు. రాతి సున్నాన్ని పాత బానలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమంటూ ఉడుకుతుంది. చల్లారాక పిడికెడు ఉప్పు, కాస్త నీలిమందు కలిపి, తాటిమట్ట కొస నలగ్గొట్టి చేసిన కుంచెతో సమాధులకు వెల్ల వేస్తారు. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఆ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పెట్టి, క్రీస్తు లేచాడని పాడుకుంటాం.

మాకు దగ్గర్లోనే చీమకుర్తి. అక్కడి గెలాక్సీ గ్రానైట్ సముద్రాలు దాటి పోతుంది. ఎక్కడెక్కడి వాళ్ళ సమాధుల మీదనో నిగనిగలాడుతుంది. మా తోటలో మాత్రం ఇటుక దిమ్మెలు, పైన సున్నం. వానకు కారిపోతుంది గనక ఏటేటా వెయ్యాలి. ఏటేటా వెయ్యాలి గనక ఏటేటా అక్కడ కూర్చోవాలి. అలా కూర్చుని నేను నేర్చుకున్న సంగతి ఒకటి ఈ పండగ పూట చెప్పాలనుకుంటున్నాను. ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతున్నవాణ్ణి నేను. మా సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. అయినా ఈ పాఠం నేను పుస్తకంలోనో ప్రసంగంలోనో నేర్చుకోలేదు. సున్నం బాన పక్కన నేర్చుకున్నాను.

ముందు ఒక మాట గురించి. తెలుగు బైబిల్లో నిరీక్షణ అనే మాట తరచూ వస్తుంది. బయటి తెలుగులో దానికి ఎదురుచూపు అని అర్థం. బస్సు కోసం నిరీక్షణ, ఫలితాల కోసం నిరీక్షణ అని పేపర్లో చూస్తూనే ఉంటాం. చర్చిలో మాత్రం విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అని మూడింటినీ ఒక వరసన చెప్పుకుంటాం. మామూలుగా ఆశ అనగలిగిన చోట మన పెద్దలు ఈ మాట ఎందుకు పెట్టారో నాకు నలభై దాటాక గాని బోధపడలేదు. ఆశపడ్డవాడికి ఏదో ఒకటి చేతికి అందాలి. అందకపోతే నిరాశే. నిరీక్షణ వేరు. రాత్రంతా చేను కాపలా ఉన్నవాడు మంచె మీదినుంచి తూర్పుకేసి చూస్తాడే, అలాంటిది. చీకటి ఉందని వాడికి తెలుసు. తెల్లారుతుందనీ తెలుసు. చీకటి లేదని వాడు బుకాయించడు. తెల్లారదని మంచె దిగిపోడు.

2009 ఫిబ్రవరిలో మా అక్క పోయింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. చీమకుర్తి రోడ్డులో ఒక పెళ్ళికి వెళ్ళి, రాత్రి పదిన్నర దాటాక బావ బండి మీద తిరిగొస్తోంది. రోడ్డు వారన లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీని బండి వెనకనుంచి గుద్దింది. అక్క అక్కడికక్కడే పోయింది. బావకు కాలు విరిగింది. బావ తాగి ఉన్నాడు.

మూడోనాడు ఇంటిముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే. ఏదో ఒకటి చెప్పి మా దుఃఖం తగ్గించాలనుకున్నారు. దేవుడు తనకిష్టమైన పువ్వును కోసుకున్నాడని ఒకాయన అన్నాడు. ఇందులో మనకు తెలియని మేలేదో ఉంటుందని ఇంకొకాయన అన్నాడు. పొరుగూరినుంచి వచ్చిన బోధకుడొకాయన, ఇంట్లో ప్రార్థన తగ్గితే కీడుకు దారి దొరుకుతుందని హెచ్చరించాడు. మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని అన్నీ విన్నది. రాత్రి అందరూ పోయాక నన్ను పిలిచి అడిగింది: "పువ్వు కావాలంటే ఆయన తోటలో లేవంటరా? నా బిడ్డే కావాల్సొచ్చిందా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. యోబు కథ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకుని, ఒళ్ళంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబును చూడటానికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన నేలమీద కూర్చుంటారు. ఆ ఏడు రోజులూ వాళ్ళంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచి, నీ తప్పేదో ఉండబట్టే ఇలా జరిగిందని వివరించడం మొదలుపెట్టాకే చెడ్డారు. ఆ పుస్తకం చివర దేవుడు కోప్పడింది వాళ్ళ మీదే. అడగరాని ప్రశ్నలన్నీ అడిగిన యోబును మాత్రం తన సేవకుడనే అన్నాడు.

ఈ సంగతి మన సంఘాలు మరిచిపోతున్నాయని నా బాధ. టీవీ పెడితే అప్పులు తీరతాయి, రోగాలు పోతాయి, వీసాలు వస్తాయి అనే బోధే వినిపిస్తోంది. తీరనివాళ్ళ సంగతేమిటి? పోనివాళ్ళ సంగతేమిటి? కిడ్నీ జబ్బుతో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషి ఆ బోధ విని ఏమనుకోవాలి? తన విశ్వాసం చాలలేదనుకోవాలా? అలా అనుకుని కుమిలిపోయేవాళ్ళు మా సంఘంలోనే ఉన్నారు. జబ్బు ఒక బరువు. దాని మీద నేరం మోపడం రెండో బరువు. మొదటిది దించలేనివాళ్ళం రెండోది ఎత్తకుండా అయినా ఉండాలి.

గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా చర్చిలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఒక్కో మాట ఒక్కొక్కరికి ఇస్తారు. ఎండాకాలం, లోపల ఉక్కపోత, ఆడవాళ్ళు విసనకర్రలతో విసురుకుంటూ ఉంటారు. నాలుగో మాట వచ్చేసరికి విసనకర్రలు కూడా ఆగుతాయి. అది తండ్రి తనను ఎందుకు వదిలేశాడని కొడుకు అడిగే మాట. మా అమ్మ అడిగింది కూడా అదే. దేవుణ్ణి ఎందుకని అడగడం అవిశ్వాసమైతే, ఆ పాపం ముందుగా సిలువ మీదే జరిగినట్టు.

ఆ కేకకు ఆకాశం నుంచి జవాబు వచ్చిందని సువార్తలు రాయలేదు. ఆ సాయంత్రం లేదు, మర్నాడు శనివారమంతా లేదు. మూడోనాడు పొద్దున వచ్చింది మాట కాదు, మనిషే వచ్చాడు. అక్కడే క్రైస్తవుల నమ్మకమంతా ఉంది. బాధ ఎందుకొచ్చిందో మాకు వివరం దొరకలేదు. బాధలోకి దిగి, చచ్చి, అవతలి ఒడ్డున లేచినవాడు దొరికాడు.

లేచినవాడి ఒంటి మీద గాయాలు అలాగే ఉన్నాయి. ఈ సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మైలాపూరు దాకా వచ్చాడని మన దక్షిణాది క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకునే తోమా, ఆ గాయాల్ని చూసి తాకితే తప్ప నమ్మనన్నాడు. యేసు చేతులు చాపి చూపించాడు. చావును గెలిచినవాడికి రెండు మేకుల గుర్తులు చెరిపేసుకోవడం ఎంతసేపు? అయినా చెరపలేదు. గెలుపంటే గాయం లేనట్టు కనపడటమని మనం అనుకుంటాం. ఆయన గెలుపు అలాంటిది కాదు. గాయం ఉంది, కానీ ఇక దాని పెత్తనం లేదు. చంపడానికి కొట్టిన గుర్తే, బతికి ఉన్నాడనడానికి ఆనవాలైంది.

మా వంశానికి ఈ కబురు కడుపు కాలిన కాలంలో అందింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని ధాత కరువు పీల్చేసింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. మా ముత్తాత తండ్రి ఆ కాలవలో మట్టి తట్టలు మోశాడని మా నాయనమ్మ చెప్పేది. పని మధ్యలో అలసి కూర్చున్నవాళ్ళ దగ్గర తెలుగు బోధకులు కూర్చుని, భారం మోసేవాళ్ళను యేసు తన దగ్గరకు రమ్మన్నాడని చెప్పేవారట. అప్పటిదాకా ఊరి బావి దగ్గరకే రానివ్వని జనం వాళ్ళు. వాళ్ళను దగ్గరకు రమ్మన్నవాడు ఒకడున్నాడన్నదే వాళ్ళకు పెద్ద వార్త.

ఇక్కడొక సంగతి గమనించాలి. కరువు సాయం అందుతున్న ఏడాది పైచిలుకు కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదన్నాడు. సాయం పని ముగిశాకే గేటు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి ఆగిపోయాక వచ్చినవాళ్ళు వాళ్ళు. అప్పటికే పిల్లల్ని పాతిపెట్టి వచ్చినవాళ్ళు. ఏటిలోంచి లేచాక పోయిన పిల్లలు తిరిగి రాలేదు, అంటరానితనం పోలేదు. అయినా తలెత్తుకుని ఇంటికి నడిచారు. ఆశకూ నిరీక్షణకూ తేడా తెలిసిన మనుషులు కాబట్టే అలా నడవగలిగారు.

అంతటి వారసత్వం ఉన్న నేను, అక్క పోయాక ఎనిమిదేళ్ళు బావతో మాట్లాడలేదు.

కేసు నడిచింది. నిర్లక్ష్యంగా ప్రాణం తీసినందుకు 304ఎ కింద కేసు పెట్టారు. నేను కోర్టులో సాక్ష్యం చెప్పాను. పెళ్ళి పందిట్లో బావ తాగి ఉండటం చూశానన్నాను. బావ తప్పు ఒప్పుకున్నాడు. ఏడాది శిక్ష పడింది. పై కోర్టుకు పోలేదు. 2013లో బయటికొచ్చి చీమకుర్తిలో ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. మందు మళ్ళీ ముట్టలేదని జనం చెప్పుకున్నారు. పిల్లలిద్దరూ మా ఇంట్లోనే పెరిగారు.

2014 ఈస్టర్ శనివారం నేను సున్నం బాన తీసుకుని తోటకు వెళ్ళేసరికి అక్క సమాధికి అప్పటికే వెల్ల వేసి ఉంది. సంఘం కాపలాదారు వేశాడేమో అనుకున్నాను. 2015లోనూ అంతే. 2016లోనూ అంతే. నేనెప్పుడూ ఎవరనీ అడగలేదు. తెలియక కాదు, తెలుసుకోవడం ఇష్టంలేక అని ఇప్పుడనిపిస్తుంది.

2017లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 14న వచ్చింది. అంబేద్కర్ జయంతి కూడా అదే రోజు. పొద్దున విగ్రహానికి దండ వేసి, మధ్యాహ్నం చర్చికి వెళ్ళాం. ఆ ఏడు నాకు మొదటి మాట ఇచ్చారు. తనను కొట్టినవాళ్ళను క్షమించమని, వాళ్ళు చేసేది వాళ్ళకే తెలియదని యేసు తండ్రిని అడిగిన మాట అది. పావుగంట మాట్లాడాను. బాగా చెప్పావన్నారు. ఆ పావుగంటలో బావ నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

మర్నాడు నాకు ఒంగోల్లో పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ ఉంది. అందుకని నాలుగున్నరకే తోటకు వెళ్ళాను. అక్క సమాధి దగ్గర ఇటుకకు ఆనించిన సెల్‌ఫోన్ లైటు వెలుగుతోంది. ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని కుంచె ఆడిస్తున్నాడు. ఒక కాలు సరిగా మడత పడటం లేదు.

ఎవరని అడిగాను. ఆ మనిషి తడబడి లేచాడు. "నేనే మాస్టారూ. అయిపోయింది, పోతున్నా" అన్నాడు. అక్కను చేసుకున్న రోజునుంచీ నన్ను ఏరా అని పిలిచిన మనిషి.

"మూడేళ్ళుగా నువ్వేనా?"

"మీరు పగలొస్తారు గదా. నా మొహం కనపడితే మీకు పండగ పాడవుద్దని."

ఆ లైటులో అతని చేతులు చూశాను. సున్నం తిని వేళ్ళ సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి. కాసేపాగి తనే అన్నాడు: "నిన్న చింతచెట్టు కింద నిలబడి మైకులో విన్నా. బాగా చెప్పారు. కానీ ఆ మాట నాకు చెందదు మాస్టారూ. ఆయన్ని కొట్టినోళ్ళకి ఏం చేస్తన్నారో తెలవదు. నాకు తెలుసు గదా. తాగిందీ తెలుసు, బండెక్కిందీ తెలుసు."

నేను పావుగంట ప్రసంగంలో చూడని లోతును ఆ మనిషి చెట్టు కింద నిలబడి చూశాడు. తెలిసి చేసినవాడికి క్షమాపణ ఎక్కడుంది?

యేసు ఒకసారి భక్తిపరులమనుకునే పెద్దమనుషుల్ని సున్నం కొట్టిన సమాధులతో పోల్చాడు. పైకి తెలుపు, లోపల కుళ్ళు. చేతిలో సున్నం బాన పట్టుకుని నిలబడ్డ నాకు ఆ పోలిక గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే ఎనిమిదేళ్ళుగా నా లోపల ఒక సంగతి పాతిపెట్టి ఉంది. ఆ పెళ్ళిలో బావ బండి దారికి అడ్డంగా ఉందని తీసి పక్కన పెట్టింది నేనే. తాళం నా జేబులోనే ఉంది. వెళ్ళేటప్పుడు బావ చెయ్యి చాపాడు. వాసన గుప్పుమంది. నేను అక్క వైపు చూశాను. "పోనీలేరా, మెల్లగా తోలతాళ్ళే" అంది. పెళ్ళివారి ముందు రచ్చ ఎందుకని తాళం చేతిలో పెట్టాను. కోర్టులో బావ తాగాడని చెప్పాను, అది నిజమే. తాళం సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కోపంలో సగం ఆ తాళాన్ని కప్పిపెట్టడానికే పనికొచ్చింది.

"తాళం నా జేబులో ఉంది బావా. నువ్వు తాగావని తెలిసే ఇచ్చాను" అన్నాను. ఆ నాలుగు మాటలకు నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇచ్చింది నువ్వైనా తాగింది నేనే గదరా."

తప్పును నా మీదికి తోసెయ్యడానికి సందు దొరికినా తోయలేదు. తన వంతు తన దగ్గరే ఉంచుకుని, నన్ను మళ్ళీ ఏరా అన్నాడు. క్షమించాలని వచ్చానో లేదో తెలియని నేను, ముందు క్షమాపణ అందుకున్నాను. ఆ తర్వాతే నా నోటినుంచి ఆ మాట వచ్చింది. దిమ్మె మీది అక్షరాలు చెరిగిపోయాయి. రాయడం తనకు రాదని నల్లరంగు డబ్బా నా చేతికిచ్చాడు. అక్క పేరు, ప్రభువునందు నిద్రించిన తేదీ నేను దిద్దాను. వెల్ల వేసిన దిమ్మె ఇంకా బూడిదరంగులోనే ఉంది. సున్నం పలచనైందేమో, ఇంకో పూత వేద్దామా అన్నాను. "ఆరనీరా. తడిమీద తెలుపు కనపడదు" అన్నాడు.

బావ అడిగిన ప్రశ్నకు జవాబు తర్వాత సువార్తలోనే దొరికింది. పేతురుకు అంతా తెలుసు. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో తెలియదని మూడుసార్లు తెలిసే బొంకాడు. లేచిన యేసు గలిలయ సముద్రపు ఒడ్డున మళ్ళీ బొగ్గుల మంటే వేశాడు. దాని మీద చేపలు కాల్చాడు, రొట్టె పెట్టాడు, రాత్రంతా వల వేసి అలసినవాళ్ళను తినమన్నాడు. తిన్నాక పేతురును, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. నొప్పి పుట్టకుండా పుండు కడగడం కుదరదు. జరిగింది జరగనట్టు యేసు నటించలేదు. ఆ వాసన, ఆ లెక్క గుర్తు చేసి మరీ, తన మందను కాసే పని ఆ మనిషికే అప్పజెప్పాడు. తెలియక చేసినవాళ్ళకు సిలువ మీది మాట ఉంటే, తెలిసి చేసినవాళ్ళకు ఆ ఒడ్డు ఉంది.

ఇంతవరకు చదివి, క్షమిస్తే సరిపోతుందన్నమాట అని ఎవరైనా అనుకుంటే నేను చెప్పింది తప్పుగా అందినట్టు. క్షమాపణ పేరుతో మన సంఘాల్లో, కుటుంబాల్లో జరిగే అన్యాయం నేను చూశాను. మొగుడు కొట్టాడని పుట్టింటికొచ్చిన పిల్లను, యేసు క్షమించలేదా అని సర్దిచెప్పి మళ్ళీ ఆ ఇంటికే పంపుతారు. అది క్షమాపణ కాదు, ఆ పిల్ల నోరు నొక్కడం. సిలువ మీద క్షమించింది దెబ్బలు తిన్నవాడు. చుట్టూ నిలబడి చూసినవాళ్ళు ఆయన తరఫున క్షమించలేదు. క్షమించే హక్కు గాయపడ్డవాళ్ళది. ఎప్పుడు, ఎలా అన్నది కూడా వాళ్ళదే.

1985 జూలై 17న, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. బతికి బయటపడ్డవాళ్ళు చీరాలకు తరలి వచ్చి అక్కడే నిలబడి న్యాయం అడిగారు. నేనప్పుడు ఇంటర్ పూర్తిచేసిన కుర్రాణ్ణి. వాళ్ళలో క్రైస్తవులున్నారు, పాటలు పాడి ప్రార్థన చేసుకునేవాళ్ళున్నారు. ప్రార్థన చేసుకుని లేచి కేసు గురించి మాట్లాడారు. ఆ గొంతు ఉద్యమమైంది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక అలాంటి గొంతులున్నాయి. వాళ్ళను క్షమించి ఊరుకోమనే అర్హత పాలకుల్లో గాని, పాస్టర్లలో గాని ఎవరికీ లేదు.

క్షమించమని గ్లాడిస్ స్టెయిన్స్ మీద కూడా ఎవరూ ఒత్తిడి తేలేదు. 1965 నుంచి ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేసిన ఆమె భర్త గ్రహామ్‌ను, పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. చేసినవాళ్ళను క్షమించానని ఆమె తనంతట తనే చెప్పింది. ఆ వార్త ఉన్న పేపరు కట్టింగు క్లాసులో చూపించి, ఇదెలా సాధ్యమని పిల్లలు అడిగితే నేను తెల్లమొహం వేశాను. ఆమె కూతురితో బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల పని కొనసాగించింది. కేసు దారి కేసుది. ముఖ్య దోషి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమించింది గనక చట్టం ఆగలేదు, చట్టం నడిచింది గనక ఆమె క్షమాపణ పలచబడలేదు. తీర్పు చెప్పడం కోర్టు వంతు. ఆ తీర్పు వచ్చేదాకా, వచ్చాక కూడా, పగ చేతిలో తన బతుకు పెట్టకుండా ఉండటం ఆమె వంతు. బావ విషయంలో నాకూ అలాగే అయింది. జైలు అతని లెక్క తేల్చింది. నా లెక్క తేల్చడానికి జైలు చాలలేదు.

అందుకే ఈ ఈస్టర్‌కు సంఘ పెద్దలకు, పాస్టర్లకు నాది ఒక మనవి. దుఃఖంలో ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు దేవుడి తరఫున వివరణలు ఇవ్వకండి. ఆయన మిమ్మల్ని లాయరుగా పెట్టుకోలేదు. కూర్చోండి. మంచినీళ్ళు తెచ్చివ్వండి. పిల్లల్ని బడికి దించి రండి. శుక్రవారం నుంచి ఆదివారానికి దూకించాలని చూడకండి. మధ్యలో శనివారం ఉంది, యేసు కూడా దాన్ని సమాధిలోనే గడిపాడు. క్షమించమని ఎవర్నీ తొందరపెట్టకండి. క్షమించలేకపోతున్నానని ఏడ్చేవాళ్ళకు మాత్రం, తెలిసి తప్పు చేసి తలెత్తలేకపోతున్నవాళ్ళకు మాత్రం, గాయాలున్న చేతులతో ఒడ్డున మంట వేసి కూర్చున్నవాడి సంగతి చెప్పండి. అది చెప్పడానికి మనకు హక్కుంది. మనమూ అక్కడ తిన్నవాళ్ళమే గనక.

మా ఇంట్లో అంతా చక్కబడిందని చెప్పను. అమ్మ 2019లో పోయింది. బావను క్షమించానని ఆమె నోటితో అనలేదు. చివరి ఏడాది అతను వస్తే స్టీలు గ్లాసులో కాఫీ పెట్టి ఇచ్చేది, అంతే. పెద్ద మేనకోడలు తండ్రిని తన ఇంటికి రమ్మంటుంది. చిన్నది ఇంకా మాట్లాడదు. అమ్మను పోగొట్టుకున్నప్పుడు దానికి పన్నెండేళ్ళు. మేమెవరం దాన్ని ఏమీ అనం.

ఈస్టర్ తెల్లవారుజామున చిన్నది అందరికన్నా ముందు తోటకు వస్తుంది. వాళ్ళమ్మ దిమ్మె మీద కొవ్వొత్తి వెలిగించి, కాసేపు నిలబడి, పక్కకు వెళ్ళి పాట పాడేవాళ్ళలో కలుస్తుంది. అప్పటిదాకా బావ గేటు దగ్గర వేపచెట్టు కింద ఆగి ఉంటాడు. ఆమె కదిలాక కుంటుకుంటూ వచ్చి, జేబులోంచి తన కొవ్వొత్తి తీసి, ఆమె వెలిగించి పోయినదాని మంటతో అంటించుకుంటాడు. రెండూ పక్కపక్కన వెలుగుతాయి. రెండేళ్ళుగా ఆమె వెళ్ళేటప్పుడు గాలికి ఆరిపోకుండా తన కొవ్వొత్తికి ఒక ఇటుక అడ్డం పెట్టి వెళ్తోంది. ఎవరి కోసమని నేను అడగలేదు. తూర్పున వెలుగు వచ్చేసరికి ముందురోజు వేసిన సున్నం ఆరి, దిమ్మె తెల్లగా కనపడుతుంది.